ఫిల్టర్ లేని సెట్టు

మా అక్క మొగుణ్ణి ఈ చుట్టుపక్కల అందరూ 'సెట్టాయన' అంటారు. కూరగాయల తోట పెట్టాలనుకునే వాళ్ళకు కావలసిన సామానంతా ఒకేచోట, సెకండ్ హ్యాండులో అమ్ముతాడు గనక ఆ పేరు వచ్చింది. నేల దున్నే చిన్న టిల్లరు, నీళ్ళ మోటారు, డ్రిప్పు పైపులు, వీపుకు తగిలించుకునే స్ప్రేయరు, నారు పోసే ట్రేలు, నీడ వల, ప్లాస్టిక్ క్రేట్లు, కాటా. అన్నీ కలిపి సెట్టు. తోట మానుకున్న వాళ్ళ దగ్గర కొంటాడు, తోట మొదలుపెట్టే వాళ్ళకు అమ్ముతాడు. మధ్యలో దాన్ని కడిగి రంగు వేసేది నేను.

కడగడమంటే గిన్నెలు తోమడం లాంటిదనుకుంటే పొరపాటు. మానేసిన తోట నుంచి వచ్చిన క్రేటు అడుగున కుళ్ళిన టమాటాలు నల్లగా అట్టకట్టి ఉంటాయి. గరిటెతో గీకితే కింద తెల్లటి పురుగులు లుకలుకలాడతాయి. స్ప్రేయరు మూత తిప్పగానే మందు కంపు నేరుగా నెత్తికెక్కుతుంది. ఒకసారి మోటారు గొట్టంలో అడ్డం ఏమిటా అని పుల్ల పెట్టి లాగితే కప్ప వచ్చింది, సగమే. ఆ పూట నాకు ముద్ద నోట్లోకి పోలేదు. నేను ఇంతకుముందు స్కూటర్లకు రంగులు వేసే షెడ్డులో పనిచేసేదాన్ని. అది మూతపడ్డాక అక్క పిలిస్తే ఇక్కడికి వచ్చాను. సామాను పెట్టుకునే యార్డు వెనక గది ఇచ్చారు. కిటికీ తెరిస్తే క్రేట్ల వాసన, మూస్తే రంగు వాసన.

బావ మాత్రం వీటిలో దేన్నీ ముట్టుకోడు. ఇస్త్రీ చొక్కా మీద చిన్న మట్టి చుక్క పడినా ఇంట్లోకి వెళ్ళి మార్చుకుని వస్తాడు. రోజంతా కూరగాయల గురించే మాట్లాడతాడు గానీ ఆకుకూర వండితే కంచం పక్కకు జరుపుతాడు, పురుగులుంటాయట. అక్క మూడుసార్లు కడిగానని చెప్పినా నమ్మడు. ఆయన జీవితంలో మట్టి తొక్కింది ఒక్క ఏడాదే. పెళ్ళికి ముందు మోటార్ల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం మానేసి టమాటా వేశాడు. ఎండలకు మొత్తం మాడిపోయింది. సామాను ఎవరికో తెగనమ్మాడు. అది నెల తిరక్కుండా రెట్టింపు ధరకు ఇంకొకడి చేతిలో కనిపించింది. "ఆ రోజు తెలిసింది మరదలు పిల్లా, పంట మొక్కకి కాదు, మనిషికి కాస్తుందని," అంటాడు నవ్వుతూ. అలాంటి మాటలు తనే అని, తనే మెచ్చుకుంటాడు.

కొనేవాళ్ళు వస్తే కుర్చీ వేసి కూల్‌డ్రింకు తెప్పిస్తాడు. వాళ్ళు ఎవరయినా కావచ్చు. గుమాస్తా పని విసిగి మానేసినవాడు, కొడుకుతో కలిసి తోట చేద్దామనుకునే తండ్రి, పిల్లలకు మందులు కొట్టని కూరలు పెట్టాలని ముచ్చటపడే దంపతులు. నేల ఎంత, నీళ్ళు ఎలాంటివి, ఏం వేద్దామనుకుంటున్నారు అని అడగడు. "మీ దగ్గర ఎంతుందండీ?" అంటాడు. వాళ్ళు అమాయకంగా ఒక అంకె చెబుతారు. సెట్టు ఖరీదు ఎప్పుడూ ఆ అంకె దగ్గరే వచ్చి ఆగుతుంది. విత్తనాలకు, ఎరువుకు, కరెంటు బిల్లుకు, మొదటి కోత చేతికొచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలగడానికి ఏమైనా మిగలాలి కదా? ఆ సంగతి వాళ్ళకు తోచదు, ఈయన తోచనివ్వడు. నేను వేసిన ఆకుపచ్చ రంగు ఎండలో తళతళలాడుతుంటే వాళ్ళ కళ్ళు దాని మీదే ఉంటాయి. పైన పటారం, లోన లొటారం. ఆ పటారం నా చేతి పనే కాబట్టి నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఏడాది, ఏడాదిన్నర తిరిగేసరికి అదే సెట్టు తిరిగి వస్తుంది. తెచ్చినవాళ్ళు గేటు దగ్గరే నసుగుతూ నిలబడతారు. "మాకు చేతకాలేదండీ," అంటారు. ఎంత రోతగా ఉంటుందంటే, వాళ్ళు బావకు క్షమాపణ చెబుతారు! మంచి సామాను ఇస్తే పాడుచేశామని. ఆయన వాళ్ళ భుజం తట్టి, "అందరికీ కలిసిరావాలి కదండీ," అని ఓదార్చి, కొన్న ధరలో అయిదో వంతు చేతిలో పెడతాడు. వాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు.

ఎందుకు ఎవరికీ కలిసిరావడం లేదో నాకు కొన్నాళ్ళకు గానీ అర్థం కాలేదు. తిరిగొచ్చిన డ్రిప్పు పైపులు కోసి చూస్తే నీటిచుక్క పడే రంధ్రాలన్నీ పాచి, సన్నటి ఇసుకతో పూడిపోయి ఉండేవి. మోటారు దగ్గర ఒక ఫిల్టర్ బిగిస్తే ఈ తంటా ఉండదు. లోపల జాలీ ఉండే చిన్న నల్ల డబ్బా అది. వారానికి రెండు మూడుసార్లు విప్పి కడుక్కుంటే పైపులు అయిదేళ్ళు పనిచేస్తాయి. ఒకరోజు రంగు డబ్బాల కోసం మెట్ల కింద గది తెరిచాను. అటక మీద ఫిల్టర్లే ఫిల్టర్లు. ఒకదాని మీద ఒకటి పేర్చి, గోనెపట్టా కప్పి ఉన్నాయి.

బావను అడిగాను. దాచుకుంటాడేమో అనుకున్నాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని చెప్పాడు.

"కొన్న సెట్టులో ఉంటే తీసి పక్కన పెడతాను. ఏం?"

"అది లేకపోతే పైపులు మూసుకుపోతాయి కదా బావా?"

"మొదటి పంట బానే వస్తుంది. నేనేం అన్యాయం చెయ్యట్లేదు. రెండో పంటకి చివర మొక్కలకి నీళ్ళందవు. మోటారు చాల్లేదనుకుని పెద్ద మోటారు కొంటారు, నా దగ్గరే. తర్వాత తెగులనుకుని మందు కొడతారు. ఆ తర్వాత విసుగొస్తుంది. ఫిల్టర్ పెట్టి అమ్మాననుకో, అయిదేళ్ళదాకా ఒక్కడూ గేటు తొక్కడు. మనం ఏం తినాలి?"

"వాళ్ళకి చెప్పొచ్చుగా, ఫిల్టర్ కూడా కొనుక్కోండని?"

"వాళ్ళు అడిగారా?" అన్నాడు.

ఛీ అనిపించింది. ఆ మాట పైకే అన్నాను కూడా. ఆయన నవ్వి, "మరదలు పిల్లకి కోపం కూడా అందమే," అని లేచి వెళ్ళిపోయాడు. అక్కతో చెబితే పొయ్యి మంట తగ్గిస్తూ, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే. నోరు మూసుకుని నీ పని చూసుకో," అంది. అంటే అక్కకు ముందే తెలుసు. ఆ పూట అక్క వండింది తినబుద్ధి కాలేదు. కానీ తిన్నాను, ఎక్కడికి పోతాను?

ఆ తర్వాత చలి మొదలవబోయే రోజుల్లో బావ చెల్లెలు వచ్చింది. నాకు వదిన వరస. ఒంటరి మనిషి. కాలేజీ హాస్టలు వంటింట్లో కూరగాయలు తరిగే పని చేసేది. ఎడమ బొటనవేలి మీద కత్తి గాట్లు ఒకదాని పక్కన ఒకటి గీతలు పడి ఉంటాయి. ఊరి చివర ఇటుకల బట్టీ వెనక అర ఎకరం మూడేళ్ళకు కౌలుకు తీసుకుందట. హాస్టలు పని మానేసింది. చేతిసంచిలో పెట్టుకుని వచ్చిన డబ్బు, ఆమె ఇన్నేళ్ళ కష్టం, అంతా అదే. ఇంకో పైసా ఎక్కడా లేదు. తోట కలిసిరాకపోతే మళ్ళీ హాస్టలు వాళ్ళు తీసుకుంటారన్న ఆశా లేదు, ఆ చోటికి అప్పుడే వేరే మనిషి వచ్చేసింది.

"ఇన్నాళ్ళూ ఎవరో పండించినవి తరిగాను అన్నయ్యా. సగం పుచ్చులే. ఇప్పుడు నేనే పండిస్తా," అంది ఉత్సాహంగా.

నేను టిల్లరుకు ఇనుప బ్రష్షు వేస్తూ చెవి అటే పెట్టాను. సొంత చెల్లెలు కదా, ఈ ఒక్కసారైనా వేరుగా ఉంటాడేమో అనుకున్నాను. కుర్చీ వేశాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు.

"నీ దగ్గర ఎంతుందమ్మా?" అన్నాడు.

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. వదిన చెప్పింది. సెట్టు ధర సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చుంది.

"విత్తనాలకి, ఎరువుకి కొంచెం ఉంచుకోనా అన్నయ్యా?"

"ఉంచుకోమ్మా, నీకు కాబట్టి తగ్గిస్తున్నా. ఇంకెవరికీ చెప్పకు," అని ముష్టి వేసినట్టు కాస్త వెనక్కి ఇచ్చాడు. ఆమె కళ్ళు చెమర్చాయి. నేను తుప్పు లేనిచోట కూడా బ్రష్షుతో గీకాను.

"ఇంకేమైనా కావాలా అన్నయ్యా? నాకేం తెలీదు. నువ్వు చెప్పిందే."

"ఇంకేం అక్కర్లేదమ్మా. అన్నీ వచ్చేశాయి," అన్నాడు, ఆమె తల మీద చెయ్యి వేసి.

సాయంత్రం ఆయన చేతులు కడుక్కుంటుంటే పెరట్లో పట్టుకున్నాను. "ఆవిడకైనా ఒక ఫిల్టర్ ఇయ్యి బావా. అటక మీద కుప్ప ఉంది."

"ఒకరికి పెడితే పదిమందికి పెట్టాలి. అయినా దానికేంటి, ఒంటి మనిషి. రెండు పంటలు సరదా తీరేదాకా చేస్తుంది, తర్వాత నేనే తీసుకుంటాలే సామాను. చెల్లెలు కదా, నాలుగో వంతు ఇస్తా."

దయ చూపిస్తున్నట్టు చెప్పాడు! తోడబుట్టినదాని తోట ఎప్పుడు ఎండిపోతుందో, అప్పుడు ఎంత ఇవ్వాలో ముందే నిర్ణయం చేసుకుని, అందులో కూడా తనకే మంచి పేరు వేసుకున్నాడు. రంగు కడిగిన మురికినీళ్ళ బకెట్టు చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆయన చొక్కా మీద పోయకుండా ఎలా ఆగానో నాకే తెలియదు.

సామాను వేసిన వ్యాను వెంట నేనూ వెళ్ళాను, బిగించి రావడానికి. అటక మీద నుంచి మంచి ఫిల్టర్ ఒకటి తీసి నీడ వల చుట్టలో దోపాను. మోటారు దగ్గర గొట్టం కోసి, టేపు చుట్టి, క్లాంపులు వేసి బిగించాను. పెద్ద పనేమీ కాదు, టీ తాగినంతసేపు పట్టింది.

"వదినా, దీన్ని రెండ్రోజులకోసారి విప్పి ఈ జాలీ కడుగు. మర్చిపోయావో, తోట మర్చిపోయినట్టే."

"మా అన్నయ్య చూడు, ఇది కూడా గుర్తుపెట్టుకుని పంపాడు," అంది వదిన మురిసిపోతూ.

నోటిదాకా వచ్చింది. మింగేశాను. అక్క చెప్పిన కడుపు చించుకునే సామెత అడ్డం వచ్చింది, ఇంకేం లేదు.

వదిన తోట చక్కగా లేచింది. వంకాయ, బెండ, చిక్కుడు. తరిగి తరిగి అలవాటైన చెయ్యి కదా, ఏది లేతో ఏది ముదురో చూడకుండానే చెప్పేది. పాత హాస్టలు వంటింటికే పొద్దున్నే క్రేట్లు పంపేది. నేను ఎప్పుడైనా వెళ్తే జాలీ విప్పి చూపించేది, బడిపిల్ల పలక చూపించినట్టు. పాచి, ఇసుక అన్నీ అక్కడే ఆగేవి, కడిగేసేది. ఆ తోటలో నాకు మొదటిసారి మంచి వాసన వచ్చింది. తడి మట్టి వాసన. యార్డుకు తిరిగి వస్తే మళ్ళీ క్రేట్ల కంపే.

ఎండలు ముదిరాక బావ రెండు రోజులకోసారి ఫోను చెయ్యడం మొదలుపెట్టాడు. "ఎలా ఉందమ్మా? నీళ్ళు చివరిదాకా వెళ్తున్నాయా? మొక్కలు వాడట్లేదుగా?" అవతల వదిన ఎంత పొంగిపోతుందో నాకు తెలుసు, అన్నయ్యకు ఎంత శ్రద్ధో అని. ఇవతల ఫోను పెట్టగానే ఈయన మొహం చిన్నబోయేది. పక్కింటి ముసలాయన పోతాడని కట్టెలు కొని పెట్టుకున్నవాడు, ఆయన లేచి నడుస్తున్నాడని వింటే అలాగే ఉంటాడు కాబోలు.

ఆయన కంగారేమిటో ఎండలు తగ్గాక బయటపడింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన ఒకాయన యార్డుకు వచ్చి, "ఇంకెప్పుడు సార్?" అని అడగడం మొదలుపెట్టాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు. కానీ రోజూ వస్తాడు. చివరికి ఒకరోజు పొద్దున్న బావ వ్యాను తీశాడు. "పద మరదలా, మా చెల్లెలి తోట చూసొద్దాం. పాపం ఎండలకి అలిసిపోయి ఉంటుంది. వదిలేస్తానంటే అక్కడే మాట్లాడేద్దాం." కండక్టరు తన స్కూటరు మీద వెనకాలే వచ్చాడు.

వదిన బెండకాయలు కోస్తోంది. మమ్మల్ని చూసి నడుముకు కట్టుకున్న గుడ్డకు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. ఎండకు నల్లబడింది గానీ మనిషి ఉషారుగా ఉంది. బావ గట్టు మీదే నిలబడి తోటంతా చూశాడు. చివరి వరసదాకా పచ్చగా ఉంది. ఆయనకు నచ్చలేదు. సొంత చెల్లెలి తోట పచ్చగా ఉంటే నచ్చని మొహం అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. దేవుడు చూపించకపోతే బాగుండేది.

ఈలోగా కండక్టరు నేరుగా టిల్లరు దగ్గరకు వెళ్ళి పిడి పట్టుకుని ఊపి చూశాడు.

"ఇదేనా అండీ? బాగా ఉంచారమ్మా. ఎప్పుడు తీసుకెళ్ళమంటారు?"

"ఏం తీసుకెళ్ళడం?" అంది వదిన. "ఏంటన్నయ్యా, ఈయనెవరు?"

"ఏం లేదమ్మా, ఊరికే చూద్దామని..."

"ఊరికేనేంటి సార్?" అన్నాడు కండక్టరు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "అడ్వాన్సు ఇచ్చాను కదా. ఈ సెట్టు వేసవి దాటాక ఖాళీ అవుతుంది, అప్పుడు మీదే అన్నారు."

వదిన ఆయన దగ్గరకు నడిచింది. "అడ్వాన్సు ఎప్పుడిచ్చారండీ?"

"నేను రిటైరయిన మర్నాడేనమ్మా. చలికాలం అప్పుడే మొదలయింది. సారే నన్ను ఇటు తీసుకొచ్చి, ఆ రోడ్డు మీదనుంచి చూపించారు. అప్పుడిక్కడ దున్నిన మట్టి తప్ప ఏం లేదు. మీరు అటు తిరిగి మళ్ళు కడుతున్నారు. పిలుద్దామంటే పన్లో ఉంది, వద్దన్నారు."

మోటారు ఒక్కటే మోగుతోంది. వదిన అన్నయ్య వైపు తిరిగింది.

"అంటే నేను నారు పొయ్యకముందే నా తోట ఎండిపోయిందన్నమాట."

"అది కాదమ్మా, వ్యాపారం అన్నాక ముందు చూపు..." అని బావ నాలుగడుగులు పక్కకు వేశాడు, ఎటు చూడాలో తెలియక. మోటారు దగ్గర ఆగాడు. అక్కడ ఫిల్టర్ కనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే, "ఇదెక్కడిది? నేనివ్వలేదే!" అనేశాడు.

"నువ్వు పంపిందే కదా అన్నయ్యా?" అని వదిన నా వైపు చూసింది.

ఇక చించుకోవలసిన కడుపు మిగల్లేదు. "నేను తెచ్చా వదినా. ఆయన ఎవరికీ ఇవ్వడు. అది లేకపోతే పైపులు మూసుకుపోయి, తోటలు ఎండిపోయి, సెట్లు తిరిగొస్తాయి. అటక నిండా ఉన్నాయి, తీసి దాచినవి. నీకైనా ఇవ్వమని అడిగాను. నువ్వు వదిలేసినప్పుడు చెల్లెలు కదా, నాలుగో వంతు ఇస్తానన్నాడు."

కండక్టరు టిల్లరు పిడి మీదనుంచి చెయ్యి తీసేశాడు, జిగురు అంటినట్టు. "నా అడ్వాన్సు నాకిచ్చెయ్యండి సార్," అన్నాడు మెల్లగా. బావ రేపిస్తానన్నాడు. నాకేసి ఒక చూపు చూశాడు. ఆ చూపు చూసి, నా గదిలో సామాను సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఆలోచించుకున్నాను.

వదిన ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నాలో ఉన్న అసహ్యమంతా ఆమె మొహంలో కనిపించింది, కానీ గొంతు పెంచలేదు. వంగి మోటారు ఆపింది. ఫిల్టర్ మీద చెయ్యి పెట్టింది.

"దీని ఖరీదెంత అన్నయ్యా?"

సిగ్గున్నవాడు ఎవడైనా ఆ మాటకు తల దించుకుని వెళ్ళిపోతాడు. కాస్త తెలివున్నవాడు, పోనీలేమ్మా, ఉంచుకో అంటాడు. ఆ ఒక్క మాట అని ఉంటే, ఆ మనిషి అన్నయ్యగా మిగిలేవాడేమో కూడా. వదిన ఆగి, ఆయన నోటి వంకే చూస్తూ నిలబడింది. అది ధర కోసం అడిగిన ప్రశ్న కాదని కండక్టరుకు కూడా అర్థమయింది.

బావ గొంతు సవరించుకుని ధర చెప్పాడు. పాతదాని ధర కాదు, కొత్తదాని ధర. వదిన ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు.